పర్వత వేటలో పడక: స్లీపింగ్ బ్యాగు, క్విల్టుల ఎంపిక

రోడ్డు చేరని కొండల్లో, అడవుల్లో రోజుల తరబడి మకాం వేసి సాగించే వేటను అమెరికాలో బ్యాక్‌కంట్రీ వేట అంటారు. రాకీ పర్వతాల్లో ఎల్క్, మ్యూల్ డీర్ అనే జింక జాతుల కోసం, అలాస్కాలో డాల్ గొర్రె, క్యారిబూ, మూస్‌ల కోసం వేటగాళ్లు ఇలా బయల్దేరుతారు. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కింద చేర్చిన అరణ్యాల్లోకి సాధారణంగా మోటారు బండ్లను రానివ్వరు. మోంటానాలోని బాబ్ మార్షల్, కొలరాడోలోని వెమినూచి లాంటి చోట్లకు కాలినడకన పోవాలి, లేదా గుర్రాల మీద, కంచరగాడిదల మీద సామాను వేసుకుని పోవాలి. గుర్రం లేనివాడు గుడారం, తిండి, తుపాకీ, పడక అన్నీ వీపునే మోస్తాడు. వేట ఫలిస్తే బరువు ఇంకా పెరుగుతుంది. ఎదిగిన మగ ఎల్క్ మాంసం ఎముకలు తీసేశాక కూడా 80 నుంచి 110 కిలోల దాకా తూగుతుంది. దాన్ని మూడు నాలుగు విడతలుగా కిందికి దించాలి.

ఈ సామానులో పడకది ప్రత్యేక స్థానం. బూట్లు కరిస్తే, గుడారం కారితే ఎలాగో నెట్టుకు రావచ్చు. రెండు రాత్రులు వణుకుతూ గడిపినవాడు మూడో రోజు కొండ ఎక్కలేడు, గురి కుదరదు, నిర్ణయాలు తప్పుతాయి. పడక కొనేటప్పుడు చాలామంది ముందుగా చూసేది లేబుల్ మీద ఉన్న ఉష్ణోగ్రత అంకె. వేటగాడు దానికన్నా ముందు తేమ గురించి ఆలోచించాలి. వేటలో పడక ఎలా తడుస్తుందో, ఆ తడి ఎలా ఆరుతుందో తెలిస్తే మిగతా ఎంపికంతా సులువవుతుంది.

వేటగాడి రోజు

మామూలు ట్రెక్కర్ పొద్దెక్కాక నడక మొదలుపెట్టి సాయంత్రానికి మకాం చేరతాడు. మధ్యాహ్నం ఎండలో బ్యాగును ఓ బండ మీద పరిచి ఆరబెట్టుకునే వీలుంటుంది. ఎల్క్‌లు మేతకు బయటికి వచ్చేది తెల్లవారుజామున, మళ్లీ సందెవేళ. అందుకని వేటగాడు చీకటితోనే లేచి, చెమటలు కక్కుతూ శిఖరం ఎక్కి, అక్కడ బైనాక్యులర్లతో గంటల తరబడి కదలకుండా కూర్చుంటాడు. గ్లాసింగ్ అనే ఈ పనిలో, ఎక్కేటప్పుడు పట్టిన చెమటే ఒంటిని చల్లబరుస్తుంది. మకాం చేరేసరికి చీకటి పడుతుంది. తడిసిన లోదుస్తులతో, మంచు పట్టిన ప్యాంటుతో, అలసిపోయిన ఒంటితో పడకలో దూరుతాడు. పడక ఎండ మొహం చూడదు. వారం, పది రోజులు ఇదే వరస.

ఒంటి నుంచి రాత్రంతా ఆవిరి వస్తూనే ఉంటుంది. అది లోపలి పొరలు దాటి బయటి పొర దగ్గరికి వెళ్లేసరికి చల్లబడి నీటి బొట్లుగా, గడ్డకట్టే చలిలో మంచు రవ్వలుగా మారి నింపులోనే చిక్కుకుంటుంది. తడి బట్టలతో పడుకుంటే ఆ నీరు కూడా తోడవుతుంది. ఒంటి వేడికి సాక్సు జత ఆరుతుంది, నిజమే. అయితే అందులోంచి వెళ్లిన నీరు మాయమైపోలేదు, చాలా భాగం బ్యాగు నింపులోకి చేరింది.

ఇది ఎంత దూరం పోగలదో 1911లో అంటార్కిటికాలో తేలింది. కెప్టెన్ స్కాట్ బృందంలోని ఎడ్వర్డ్ విల్సన్, హెన్రీ బవర్స్, ఆప్స్లీ చెర్రీ గారార్డ్ అనే ముగ్గురు ఎంపరర్ పెంగ్విన్ గుడ్ల కోసం నడి చలికాలపు చీకటిలో కేప్ క్రోజియర్‌కు వెళ్లి వచ్చారు. ఆ ప్రయాణానికి ఐదు వారాలు పట్టింది. వాళ్లవి రెయిన్‌డీర్ తోలు బ్యాగులు. బయల్దేరేటప్పుడు 18 పౌండ్లున్న చెర్రీ గారార్డ్ బ్యాగు తిరిగొచ్చేసరికి 45 పౌండ్లు తూగింది. అంటే 8 కిలోల పడక 20 కిలోలైంది. పెరిగిన బరువంతా ఊపిరి, చెమటలు గడ్డకట్టిన మంచే. రాత్రి అందులో దూరడానికి ముందు ఒంటి వేడితో దాన్ని కొంచెం కొంచెంగా కరిగించుకోవలసి వచ్చేది. రాకీల్లో ఎల్క్ వేటగాడికి అంత దుస్థితి రాదు. కానీ పనిచేసే సూత్రం అదే: పడక వెచ్చదనం మొదటి రాత్రి ఒకటి, ఆరో రాత్రి ఇంకొకటి. కొనేవాడు ఆరో రాత్రిని దృష్టిలో పెట్టుకుని కొనాలి.

చరిత్రలో కొన్ని మలుపులు

ఫ్రాన్సిస్ గాల్టన్ 1855లో రాసిన యాత్రికుల కరదీపికలో, పిరనీస్ పర్వతాల్లో కాపలా కాసే ఫ్రెంచి కస్టమ్స్ సిబ్బంది గొర్రె తోలు సంచుల్లో పడుకోవడం గురించి ఉంది. 1876లో వేల్స్ వ్యాపారి ప్రైస్ ప్రైస్ జోన్స్, గాలి నింపే దిండుతో సహా యూక్లిసియా రగ్ అనే మడత కంబళికి పేటెంటు పొందాడు. 1888లో అన్వేషకుడు నాన్సెన్ బృందం గ్రీన్‌లాండ్‌ను అడ్డంగా దాటినప్పుడు ఆరుగురికీ రెండే రెయిన్‌డీర్ తోలు సంచులు, ఒక్కోదానిలో ముగ్గురు.

బాతు ఈకల నూగు అమెరికా వేటగాళ్లకు, జాలర్లకు దగ్గరవడంలో ఎడ్డీ బావర్ అనే వ్యాపారిది పెద్ద పాత్ర. 1930ల మధ్యలో వాషింగ్టన్ రాష్ట్రంలో చలికాలపు చేపల వేటకు వెళ్లినప్పుడు, పట్టిన చేపలు మోసుకుంటూ కొండ ఎక్కుతుంటే ఆయన ఉన్ని దుస్తులు చెమటకు తడిసి ముద్దయ్యాయి, చలికి ప్రాణం మీదికి వచ్చింది. ఆ అనుభవం నుంచే 1936లో నూగు నింపిన స్కైలైనర్ జాకెట్ పుట్టింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆయన సంస్థ సైన్యానికి స్లీపింగ్ బ్యాగులు కూడా కుట్టింది. 1980లలో అమెరికా సైన్యం తడిసినా పనిచేసే నింపు కావాలని కోరగా ఆల్బనీ ఇంటర్నేషనల్ సంస్థ ప్రైమాలాఫ్ట్‌ను తయారుచేసింది. 1992లో రే జార్డీన్ పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ నడిచేవారి కోసం రాసిన పుస్తకంతో, అడుగు భాగం లేని దుప్పటి లాంటి పడక అయిన క్విల్టుకు ప్రచారం వచ్చింది. మొదట దూరపు నడకవారి వస్తువుగా ఉన్న క్విల్టు తర్వాత వేటగాళ్ల సంచుల్లోకీ వచ్చింది.

వెచ్చదనం ఎక్కడిది

స్లీపింగ్ బ్యాగు తనంతట తాను వేడి పుట్టించదు. నింపు పొంగి, తన సందుల్లో గాలిని కదలకుండా పట్టి ఉంచుతుంది. ఒంటి వేడి ఆ గాలిని తేలిగ్గా దాటి పోలేదు. ఈ పొంగునే లాఫ్ట్ అంటారు. నింపు తడిసి అణిగినా, బరువు కింద నలిగినా వెచ్చదనం పోతుంది. వీపు కింద పడిన భాగానికి జరిగేది అదే: ఎంత ఖరీదైన బ్యాగైనా అక్కడ నలిగి అట్టలా అయిపోతుంది. వీపును కాపాడేది కింద పరిచిన ప్యాడు.

క్విల్టు పుట్టుకకు మూలం ఈ గమనికే. పనికిరాని అడుగు భాగాన్ని, తల ముసుగును, పొడవాటి జిప్పును తీసేస్తే మిగిలేది పైన కప్పుకుని పట్టీలతో ప్యాడుకు బిగించుకునే, పాదాల దగ్గర సంచిలా మూసుకునే దుప్పటి. సుమారు సున్నాకు 7 డిగ్రీల దిగువ దాకా పనికొచ్చే మేలురకం డౌన్ (నూగు) క్విల్టు 600 నుంచి 700 గ్రాములుంటే, అదే స్థాయిలో తల ముసుగుతో ఒంటిని చుట్టేసే మమ్మీ బ్యాగు దాదాపు కిలో దాకా ఉంటుంది. సింథటిక్ బ్యాగైతే ఇంకా బరువు.

ప్యాడు వేడిని ఎంత ఆపుతుందో ఆర్ విలువ చెబుతుంది. 2018లో అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం దీనికి ఉమ్మడి పరీక్ష పెట్టాక వేర్వేరు కంపెనీల ప్యాడ్లను పోల్చడం కుదిరింది. మడత పెట్టే ఫోమ్ ప్యాడు ఆర్ విలువ 2 చుట్టుపక్కల ఉంటుంది, గాలి నింపే మంచి ప్యాడ్లది 4 నుంచి 7 దాకా. ఒకదాని మీద ఒకటి వేస్తే విలువలు కలుస్తాయి. అక్టోబరు తర్వాత వేటకు వెళ్లేవాడు 4కు తగ్గకుండా చూసుకోవాలి. కింద పల్చని ఫోమ్ పరిస్తే, గాలి ప్యాడుకు ముల్లు గుచ్చుకున్న రాత్రి అదే ఆదుకుంటుంది, పగలు శిఖరం మీద కూర్చోవడానికీ పనికొస్తుంది. బ్యాగు మీద వందల డాలర్లు ఖర్చుపెట్టి ప్యాడు దగ్గర పొదుపు చేయడం ఈ విషయంలో అన్నిటికన్నా తరచుగా జరిగే తప్పు.

డౌన్, సింథటిక్

డౌన్ అంటే బాతుల రొమ్ము మీది పెద్ద ఈకల కింద ఉండే నూగు. గట్టి కాడ లేని చిన్న చిన్న ఉండలుగా ఉంటుంది. దాని నాణ్యతను ఫిల్ పవర్‌తో కొలుస్తారు: 28 గ్రాముల నూగు నిర్ణీత బరువు కింద ఎన్ని ఘనపు అంగుళాలు పొంగుతుందన్నదే ఆ అంకె. 850 ఫిల్ అంటే ఆ గుప్పెడు నూగు సుమారు 14 లీటర్ల చోటు నింపుతుంది. 650 ఫిల్‌తో అంతే చోటు నింపాలంటే మూడో వంతు దాకా ఎక్కువ బరువు నూగు పట్టాలి. ఫిల్ పవర్ పెద్దదైతే బ్యాగు వెచ్చనిదనుకోకూడదు. ఎంత నూగు కూరారో కూడా చూడాలి. వెచ్చదనం ఆ రెండింటి లెక్క.

బరువు, నలిపి సంచిలో కుక్కే వీలు, మన్నిక, ఈ మూడింటిలోనూ డౌన్‌కు సాటి లేదు. బాగా చూసుకుంటే పదేళ్లకు పైగా పొంగు నిలుస్తుంది. దాని బలహీనత నీరు. తడిస్తే ఉండలు అతుక్కుని ముద్ద కడతాయి, అడవిలో మళ్లీ ఆరబెట్టడం చాలా కష్టం. నీటిని తట్టుకునే పూత పూసిన డౌన్ తేమ గాలిని, కాస్త మంచును ఓర్చుకుంటుంది. వానలో నానితే దానిదీ మామూలు డౌన్ దారే.

సింథటిక్ నింపు పాలియెస్టర్ పోగులతో చేసింది. పోగులు నీటిని దాదాపు పీల్చవు. తడిస్తే పిండి, దులిపి, కప్పుకుని పడుకోవచ్చు. ఒంటి వేడికే క్రమంగా ఆరుతుంది. క్లైమాషీల్డ్ లాంటి తెగని పోగు పరుపుకు లోపల ఎక్కువ కుట్లు అక్కర్లేదు. కిఫారూ, విగ్గీస్ సంస్థలు వేటగాళ్లలో పేరు తెచ్చుకున్నది సింథటిక్ బ్యాగులతోనే. దీని లోపాలు బరువు, సంచిలో ఆక్రమించే చోటు, నలిపిన కొద్దీ పోగులు చచ్చుబడటం. ప్రతి సీజనుకూ వెచ్చదనం కొంత తగ్గుతుంది.

ఏది మంచిదన్న వాదన ప్రాంతం పేరు చెప్పకుండా చేస్తే తెగదు. కొలరాడో, వయోమింగ్‌ల పొడి గాలిలో, అడుగున్న గుడారంలో, నాలుగైదు రాత్రులకు డౌన్ చక్కగా సరిపోతుంది. రోజుల తరబడి జల్లు వీడని అలాస్కా తీరంలో, కోడియాక్ ద్వీపంలో సింథటిక్‌ను నమ్ముకోవడం వివేకం. వేటగాళ్లను తిరిగి తీసుకెళ్లాల్సిన విమానం వాతావరణం వల్ల రాలేకపోతే అక్కడే మరో రెండు మూడు రోజులు ఉండిపోవాల్సి వస్తుంది కూడా.

ఈ రెంటినీ కలిపే పద్ధతి ఒకటుంది, పది రోజుల వేటకు దాన్ని మించింది లేదు: లోపల డౌన్ బ్యాగు, దాని మీద పల్చని సింథటిక్ క్విల్టు. ఆవిరి చల్లబడి నీరయ్యే చోటు డౌన్‌ను దాటి బయటి సింథటిక్ పొరలోకి జరుగుతుంది. పొద్దున క్విల్టు మీది మంచు దులిపేస్తే సరి, డౌన్ పొడిగా ఉంటుంది. సెప్టెంబరులో ఏదో ఒకటి చాలు, నవంబరులో రెండూ కావాలి. పగలు శిఖరం మీద ఆ సింథటిక్ క్విల్టునే భుజాల మీద కప్పుకుని గ్లాసింగ్ చేయవచ్చు. తెలంగాణలో గొర్రెల కాపరికి గొంగడి పగలు వాన ఆపే కప్పుగా, రాత్రి పడకగా పనికొచ్చినట్టే ఇదీనూ.

లేబుల్ మీది అంకె

యూరప్‌లో 2002లో వచ్చిన ఈఎన్ 13537 ప్రమాణం, 2016లో దాని స్థానంలో వచ్చిన ఐఎస్ఓ 23537 బ్యాగుల వెచ్చదనాన్ని ఒకే పద్ధతిలో కొలుస్తాయి. వేడిచేసిన బొమ్మకు పొడవు చేతుల లోదుస్తులు, సాక్సులు తొడిగి, ప్యాడు మీద బ్యాగులో పడుకోబెట్టి, చల్లని గదిలో ఎంత వేడి పోతోందో చూస్తారు. వచ్చే అంకెలు ప్రధానంగా మూడు. కంఫర్ట్ అంటే 60 కిలోల సగటు స్త్రీ హాయిగా నిద్రపోగల ఉష్ణోగ్రత. లిమిట్ అంటే 73 కిలోల సగటు పురుషుడు ముడుచుకుని, లేవకుండా 8 గంటలు నిద్రపోగలిగేది. ఎక్స్‌ట్రీమ్ అంటే ఆ స్త్రీ 6 గంటల పాటు ప్రాణాపాయం లేకుండా ఉండగలిగేది. అది నిద్రకు సంబంధించిన అంకె కాదు, దాన్ని చూసి బ్యాగు కొనకూడదు.

కంఫర్ట్‌కూ లిమిట్‌కూ మధ్య 5, 6 డిగ్రీల తేడా ఉంటుంది. బ్యాగు పేరులో కనిపించేది చాలాసార్లు లిమిట్ అంకె. 20 ఫారన్‌హీట్, అంటే సున్నాకు 7 డిగ్రీల దిగువ అని పేరు పెట్టిన బ్యాగులో చలికి తట్టుకోలేని మనిషికి సున్నా దగ్గరే వణుకు పుట్టవచ్చు. పైగా పరీక్షలోని బొమ్మ అలసిపోదు, ఆకలితో పడుకోదు, దాని బ్యాగు తడిసి ఉండదు. క్విల్టులు చేసే చిన్న సంస్థలు చాలావరకు సొంత అంచనాతోనే అంకె వేస్తాయి. కాబట్టి రాబోయే అత్యంత చల్లని రాత్రిని ఊహించుకుని, కంఫర్ట్ అంకె దానికి సరిపోయేలా కొనడం క్షేమం. క్విల్టయితే ఇంకో 5 డిగ్రీల వెసులుబాటు ఉంచుకోవాలి.

ఆ చల్లని రాత్రిని అంచనా వేయడానికి దగ్గర్లోని ఊరి వాతావరణం చాలదు. ఎత్తు పెరిగే ప్రతి 1000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కొలరాడోలో ఎల్క్ మకాములు 3000 మీటర్ల పైన ఉండటం మామూలే. గాలి లేని రాత్రి చల్లగాలి వాలులోంచి జారి లోయ అడుగున చేరుతుంది. వాగు పక్కన గడ్డి మైదానంలో కన్నా, కాస్త పైన చెట్ల మధ్య మెట్ట మీద పడుకుంటే అదే బ్యాగు వెచ్చగా అనిపిస్తుంది.

బ్యాగా, క్విల్టా

క్విల్టు సుగుణం బరువొక్కటే కాదు. మమ్మీ బ్యాగులో కాళ్లు కట్టేసినట్టుండి నిద్ర పట్టనివారికి, పక్కకు తిరిగి పడుకునేవారికి ఇది విడుదల. చలి తగ్గితే కాలు బయటపెట్టుకోవచ్చు, పెరిగితే బిగించుకోవచ్చు. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే మోంటానా, వయోమింగ్, అలాస్కాల్లో అర్ధరాత్రి చప్పుడైతే ఒక్క విదిలింపులో లేచి కూర్చోగలగడం చిన్న విషయం కాదు. మధ్యలో జిప్పు ఉన్న బ్యాగులను వేటగాళ్లు ఇష్టపడేదీ కొంత ఇందుకే.

దాని లోపం గాలి. పక్కకు తిరిగినప్పుడల్లా అంచు లేచి చల్లగాలి వీపుకు కొడుతుంది. పట్టీలు సరిగ్గా కట్టుకోవడం, వెడల్పులో పిసినారితనం చూపకపోవడం దీనికి మందు; భారీ మనిషి, జాకెట్ తొడుక్కుని పడుకునేవాడు వెడల్పు రకమే తీసుకోవాలి. తలకు విడిగా డౌన్ టోపీ కావాలి. సున్నాకు 10 డిగ్రీల దిగువన ముసుగు, మెడ చుట్టూ పట్టీ, జిప్పు వెంట గాలి ఆపే గొట్టం ఉన్న మమ్మీ బ్యాగే గట్టి ఎంపిక. అంటే కొలరాడోలో సెప్టెంబరు విల్లు వేటకు క్విల్టు, మోంటానాలో నవంబరు చివరి దాకా సాగే తుపాకీ సీజనుకు బ్యాగు అని స్థూలంగా చెప్పుకోవచ్చు.

గుడారాన్ని బట్టి కూడా ఎంపిక మారుతుంది. పర్వత వేటలో అడుగు లేని టీపీ గుడారం, అందులో పల్చని టైటానియం కట్టెల పొయ్యి బాగా వాడుకలోకి వచ్చాయి. పొయ్యి మండుతున్నంతసేపు బట్టలూ పడకా ఆరతాయి, తేమ సమస్య సగం తీరుతుంది. కట్టెలు అయిపోయిన కొద్దిసేపటికే పల్చటి లోహం చల్లబడిపోతుంది కనుక పొయ్యి ఉంది కదా అని పల్చని బ్యాగు తెచ్చుకోకూడదు. పొయ్యి లేని రోజున అడుగు లేని గుడారం లోపలి గోడల మీద నీరు పట్టి, తగిలిన పడక పాదాల భాగాన్ని తడుపుతుంది. ఆరడుగులు దాటినవాడు పొడవు రకం బ్యాగు తీసుకోవాల్సిన కారణం ఇక్కడే ఉంది: పొట్టి బ్యాగులో పాదాలు నింపును లోపలి నుంచి నలుపుతాయి, గుడారం గోడ బయటి నుంచి తడుపుతుంది.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఇలాంటి వేటకు తావు లేదు. అయితే ఈ ఎంపిక సూత్రాలు హిమాలయాల్లో నడిచే తెలుగువారికీ, అమెరికాలో రాకీల్లో క్యాంపింగుకు వెళ్లే తెలుగు కుటుంబాలకూ అక్షరాలా వర్తిస్తాయి. దక్షిణాది చలికి కొన్న బ్యాగును లదాఖ్‌కు తీసుకెళ్లడం ప్రమాదం. అద్దెకు ఇచ్చే బ్యాగయితే చేత్తో తడిమి చూడాలి: పరిచి వదిలేసిన పావుగంటకు కూడా పొంగకపోతే, ఉండలు కట్టి ఖాళీలు తగులుతుంటే, లేబుల్ ఏమి చెప్పినా దాన్ని తీసుకోకూడదు.

వాడకం, సంరక్షణ

మూతి బ్యాగు లోపల పెట్టి ఊపిరి వదలకూడదు. ముక్కూ నోరూ బయటే ఉండాలి. తడి ప్యాంటు లోపలికి తేకూడదు, పడుకోవడానికి విడిగా ఒక పొడి జత ఉంచుకోవాలి. వేడినీళ్లు నింపిన సీసా కాళ్ల దగ్గర పెట్టుకోవడం, పడుకునే ముందు కొవ్వున్న తిండి తినడం నిజంగా పనిచేసే ఉపాయాలు. మాంసం మోసిన రోజు నెత్తురంటిన బట్టలను ఎలుగుబంట్ల ప్రాంతంలో పడక దగ్గరికి రానివ్వకూడదు. ఎండ కాసిన పది నిమిషాలైనా బ్యాగును తిరగేసి, నల్లటి లోపలి గుడ్డ పైకి వచ్చేలా పరిస్తే త్వరగా ఆరుతుంది.

వీపు సంచిలో బ్యాగును నీళ్లు చొరని సంచిలో పెట్టాలి. ఇంటికి వచ్చాక ఆ సంచిలోనే వదిలేస్తే డౌన్ అయినా సింథటిక్ అయినా పొంగు చచ్చిపోతుంది. పూర్తిగా ఆరబెట్టి, పెద్ద నూలు సంచిలో వదులుగా వేసుకోవాలి. ఒంటి జిడ్డు పేరుకుంటే నూగు పొంగదు కనుక ఒకటి రెండు సీజన్లకోసారి డౌన్ కోసం చేసిన సబ్బుతో, ముందు తలుపున్న వాషింగ్ మెషీన్‌లో ఉతకాలి. తర్వాత డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద రెండు మూడు టెన్నిస్ బంతులు వేసి తిప్పితే అవి కొట్టుకుంటూ ముద్దలను విడదీస్తాయి. బయటికి ఆరినట్టు కనిపించాక కూడా నూగు మధ్యలో తడి మిగిలి ఉంటుంది. చేత్తో నొక్కితే ఎక్కడా ఉండ తగలనంతవరకు, గంటల తరబడి, డ్రయ్యర్ తిప్పాల్సిందే.